ఆదివారం కొత్త చేపల వంట: డెల్టాలో దొరికే ఏ చేపకు ఏ ప్రాంతపు పద్ధతి నప్పుతుంది?

ఆదివారం ఇంట్లో ఒక కొత్త చేపల వంటకం చేసి చూడాలనుకునే వారు సాధారణంగా వంటకాన్ని ముందు ఎంచుకుంటారు. ఫోనులో చూసిన సాల్మన్‌నో, కాడ్‌నో, అలాంటి విదేశీ చేపను మనసులో పెట్టుకుని, దానికి బదులుగా ఏ చేప పనికివస్తుందా అని బజారులో వెతుకుతారు. గోదావరి డెల్టాలో ఉండే వారికి ఈ వరుస నష్టమే తెస్తుందని నా అభిప్రాయం. చల్లని సముద్రాల్లో పెరిగే సాల్మన్ వంటి కొవ్వు చేప కోసం ఏర్పడిన పద్ధతిని మన బొచ్చె మీద ప్రయోగిస్తే కండ ఎండిపోతుంది, ముళ్ళు అడ్డం వస్తాయి, చివరికి నింద చేప మీద పడుతుంది. అంతకన్నా, మన నీళ్ళలో దొరికే చేపనే తరతరాలుగా మరోలా వండుకుంటున్న ప్రాంతాలు ఏవో తెలుసుకుని, అక్కడి పద్ధతిని మన వంటింటికి తెచ్చుకోవడం మేలు.

అలాంటి ప్రాంతాలు తక్కువేమీ కాదు. మన పులస బెంగాలీల ఇలిష్. మన పండుగప్పనే వారు భేట్కీ అంటారు. థాయిలాండ్‌లో నిమ్మరసంతో ఆవిరి పట్టే చేపా, ఆస్ట్రేలియాలో బారాముండి అనే చేపా ఇదే. మన బొచ్చె, శీలావతి బెంగాలీల కాత్లా, రుయి. మడ అడవుల దగ్గర దొరికే పెద్ద పీత జాతినే సింగపూర్‌లో మిరప పీత వంటకానికి వాడతారు. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే వనామి రొయ్య మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరపు జాతి. మన దేశంలో దాని సాగుకు 2009లో అనుమతి వచ్చింది. కాబట్టి ఈ చేపలకు ఏ వంటకాలు సహజంగా నప్పుతాయో చెప్పడానికి ఊహలు అక్కరలేదు, ఆయా తీరాల వాళ్ళు వండుకునే తీరు చూస్తే సరిపోతుంది.

బజారుకు వెళ్ళే ముందు

వారాంతం అంటే రెండు రోజులన్న లెక్క మన దగ్గర అన్ని ఇళ్ళకూ సరిపోదు. చాలా కుటుంబాల్లో శనివారం నీచు వండరు, కార్తీక మాసమంతా ముట్టని ఇళ్ళూ ఉన్నాయి. అలాంటి ఇంట్లో ముందురోజే చేపకు మసాలా పట్టించి ఉంచాలనే వంటకాన్ని ఎంచుకోవడం కుదరదు. చేప తగలని పనులు, అంటే మసాలా ముద్దలు నూరుకోవడం, చింతపండు శుభ్రం చేసుకోవడం, అరటి ఆకులు కోసి తెచ్చుకోవడం వంటివి శనివారం ముగించి, ఆదివారం తెల్లవారగానే చేప తెచ్చి మధ్యాహ్నానికి వడ్డించగలిగే వంటకం కావాలి. ఈ ఒక్క షరతు వల్లనే కింద చెప్పబోయే వాటిలో కొన్ని ముందుకు వస్తాయి, కొన్ని వెనక్కి వెళతాయి.

తరువాత చూడవలసింది కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల సముద్ర వేట ఆగిపోతుంది కనుక, ఆ 61 రోజుల్లో వంజరం, చందువ వంటి సముద్రపు చేపలతో ప్రయోగం పెట్టుకోవడం తెలివైన పని కాదు. దొరికినవి ఎక్కువ కాలం మంచులో ఉన్నవి కావచ్చు, ధర కూడా తేలికగా ఉండదు. ఆ రోజుల్లో చెరువు చేపలు, చెరువు రొయ్యలు, చెరువులో పెంచిన పండుగప్ప ఆదుకుంటాయి. వేట తిరిగి మొదలైన తరువాత కాకినాడ, యానాం, నరసాపురం వైపు ఉన్నవారికి సముద్రపు చేప అందుబాటులోకి వస్తుంది. ఆకివీడు, కైకలూరు వైపు ఉన్నవారికి ఏ నెలలోనైనా చెరువు చేపే తాజాగా దొరుకుతుంది. తమ ఊరికి ఏది తాజాగా వస్తుందో అది ఎంచుకోవడమే సరైన మొదటి అడుగు. మొప్పలు ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ రోజు కొత్త వంటకం మానుకుని వేరే చేప చూసుకోవాలి, ఎందుకంటే కారమూ పులుపూ దట్టించిన పులుసులో దాగే లోపం ఆవిరి మీద ఉడికించిన చేపలో దాగదు.

ఇంట్లో చిన్నపిల్లలు, వయసు పైబడిన వారు ఉన్నప్పుడు ముల్లు లెక్క కూడా ముందే చూసుకోవాలి. పండుగప్ప, చందువ, వంజరం, కొర్రమీను ముక్కల్లో నడిముల్లు తీసేస్తే పెద్దగా భయం లేదు. బొచ్చె, శీలావతి కండలో చీలిన సన్నని ముళ్ళు ఉంటాయి. పులసలో అవి మరీ ఎక్కువ.

పండుగప్ప: మొదటి ప్రయత్నానికి ఇదే మేలు

కొత్త పద్ధతి మొదటిసారి చేస్తున్నవారికి నేను సందేహం లేకుండా చెప్పే చేప పండుగప్ప. ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ బతికే ఈ చేపను ఇప్పుడు డెల్టా చెరువుల్లో పెంచుతున్నారు కనుక ఏడాదంతా దొరికే అవకాశం ఉంది. కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, వాసన తక్కువ, చిన్న ముళ్ళ బెడద లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉడికినా ముక్క విరిగి పొడి కాదు. కొత్త వంటకంలో సమయం తప్పడం సహజం కాబట్టి ఈ ఓర్పు చాలా విలువైనది.

ఈ చేపకు మూడు పద్ధతులు పోటీ పడతాయి. మొదటిది బెంగాలీల పాతూరి. ముల్లు తీసిన ముక్కలకు ఆవ ముద్ద పట్టించి, అరటి ఆకులో పొట్లం కట్టి, ఆవిరి మీద గాని పెనం మీద గాని ఉడికిస్తారు. అర కిలో ముక్కలకు రెండు పెద్ద చెంచాల ఆవాలు, నాలుగు పచ్చిమిరపకాయలు, మూడు పెద్ద చెంచాల కొబ్బరి కోరు, కొంచెం పసుపు, తగినంత ఉప్పు, రెండు చెంచాల ఆవనూనె సరిపోతాయి. ఆవాలను అరగంట నానబెట్టి, ఉప్పూ పచ్చిమిర్చీ కలిపి నూరాలి. ఎక్కువసేపు నూరితే చేదు వస్తుంది, పసుపురంగు ఆవాలు సగం కలిపితే ఆ చేదు తగ్గుతుంది. ఆకును మంట మీద అటూ ఇటూ ఆడిస్తే మెత్తబడి, మడిచినప్పుడు చిరగదు. రెండు సెంటీమీటర్ల మందమున్న ముక్క పది పన్నెండు నిమిషాల్లో ఉడుకుతుంది. కోనసీమలో అరటి ఆకూ కొబ్బరీ పెరట్లోనే ఉంటాయి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిని పెరిగిన వారికి ఆవ ఘాటు కొత్త కాదు, చేపలో అది రావడమే కొత్త. ఈ కారణం వల్ల డెల్టా ఇళ్ళలో తేలికగా నచ్చే కొత్త వంటకం ఇదేనని నాకు గట్టి నమ్మకం. ఆవనూనె వాసన పడని వారు నువ్వుల నూనె వాడుకోవచ్చు, కాని అప్పుడు వంటకం స్వభావం సగం మారిపోతుంది. కనీసం ఒక చెంచా ఆవనూనె చివర్లో చిలకరించడం మంచిది.

రెండవది థాయిలాండ్ పద్ధతి. చేపను కోయించకుండా నిండుగా తెచ్చి, పొలుసూ పేగూ తీసి, రెండు వైపులా గాట్లు పెట్టి, ఉట్టి ఆవిరి మీద ఉడికించి, ఆ తరువాత నిమ్మరసం, దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, చేపల సాస్ కలిపిన పులుపు రసాన్ని మీద పోస్తారు. ముప్పావు కిలో చేపకు ఆవిరి బాగా వచ్చిన తరువాత పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు చాలు. ఇందులో నూనె లేదు, మసాలా లేదు, దాచడానికి ఏమీ లేదు. అందుకే చేప ఆ ఉదయం నీళ్ళలోంచి తీసినదై ఉండాలి. నిమ్మరసాన్ని పొయ్యి మీద ఉండగా పోయకూడదు, పోస్తే చేదు తిరుగుతుంది. చేపల సాస్ దొరకనప్పుడు ఉప్పుతో సరిపెట్టుకోవచ్చు. పని తక్కువ, ఫలితం వేగం, కాని పులుసన్నానికి అలవాటు పడిన పెద్దవాళ్ళు దీన్ని కూరగా ఒప్పుకోవడానికి కొంచెం సమయం పట్టవచ్చు. వేడన్నంలో ఆ రసం కలుపుకుంటే చారన్నంలా తినగలుగుతారు.

మూడవది కేరళ మొయిలీ. ముక్కలను పసుపు, ఉప్పు పట్టించి కొంచెం వేయించి, ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు మగ్గిన తరువాత రెండవసారి తీసిన పల్చని కొబ్బరిపాలలో సన్నని సెగ మీద ఉడికించి, చివర్లో చిక్కని తొలిపాలు పోసి, ఉడుకు రాకముందే దించుతారు. పాలు పెళపెళ మరిగితే విరుగుతాయి, పులుపు ఎక్కువైనా విరుగుతాయి. అందుకే ఇందులో చింతపండు ఉండదు. కొబ్బరికాయ చేతికి అందే మనవాళ్ళు చేపల్లో కొబ్బరిపాలు వాడటం అరుదు కనుక ఈ రుచి నిజంగా కొత్తగా ఉంటుంది. కారం తక్కువ కాబట్టి పిల్లలున్న ఇంటికి మూడింటిలో ఇది ఉత్తమం. పెద్దల కోసం ఆ పూట పక్కన ఒక పచ్చడి ఉంచడం మంచిది.

మొత్తం మీద, ఒకే ఒక్కటి చేయగలిగితే పాతూరి, చేప చాలా తాజాగా ఉండి సమయం తక్కువైతే థాయి ఆవిరి చేప, పిల్లలను దృష్టిలో పెట్టుకుంటే మొయిలీ అని తేల్చుకోవచ్చు.

రొయ్యలు: వేగం కావాలా, రుచి లోతు కావాలా

రొయ్యల్లో తొలి ఎంపిక వంటకం కాదు, కౌంట్. 30 కౌంట్ అంటే కిలోకు ముప్ఫై రొయ్యలు, 100 కౌంట్ అంటే కిలోకు నూరు. మనం చేసే ఇగురులో రొయ్య తన నీరు తాను వదిలి, ఆ నీరు ఇగిరేదాకా, తరువాత నూనె తేలేదాకా పొయ్యి మీద ఉంటుంది. గోంగూరతోనో చింతచిగురుతోనో కలిసే చిన్న రొయ్యకు ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది. పెద్ద రొయ్య మాత్రం అంతసేపట్లో గట్టిపడి రబ్బరు అవుతుంది. కొత్త వంటకాలు దాదాపు అన్నీ పెద్ద రొయ్యను తక్కువసేపు వండేవే. కనుక ప్రయోగానికి 30 నుంచి 40 కౌంట్ తీసుకోవాలి, ఇంట్లో 100 కౌంట్ మాత్రమే ఉంటే పాత పద్ధతిలోనే వండుకోవాలి. తల, పెంకు తీస్తే బరువు సగానికి దగ్గరగా పడిపోతుందని కూడా లెక్క వేసుకోవాలి. నలుగురికి కిలో రొయ్య ఎక్కువ కాదు.

బెంగాలీల చింగ్రీ మలాయ్ కూరలో రొయ్యను నూనెలో ఒక నిమిషం తిప్పి పక్కన పెట్టి, ఉల్లి ముద్ద, అల్లం, గరం మసాలా, కొబ్బరిపాలతో గుజ్జు తయారైన తరువాత చివరి మూడు నాలుగు నిమిషాలకు మాత్రమే రొయ్యను తిరిగి వేస్తారు. చిటికెడు పంచదార, దించేముందు కొంచెం నెయ్యి దాని ముద్ర. ఇది విందుకు తగిన వంటకం, అన్నంలోకి హాయిగా ఉంటుంది. రెండవ దారి వెల్లుల్లి రొయ్యలు: పెంకుతోనే, బాగా కాలిన పెనం మీద వెన్నా నూనే కలిపి, దండిగా వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి, ఒక్కో వైపు రెండు నిమిషాలు. తల తీయకపోతే అందులోని కొవ్వు వెన్నలో కలిసి రుచి ఎంతో పెరుగుతుంది. మూడవది ఎండాకాలానికి సరిపోయే చల్లని వంటకం. వనామి పెద్దఎత్తున పెంచే ఈక్వడార్‌లో రొయ్యల సెవీచే చేసేటప్పుడు రొయ్యను ముందు ఉడికించి, ఆ తరువాతనే నిమ్మరసం, టమాటా రసం, ఉల్లి, కొత్తిమీరలో కలిపి చల్లబరుస్తారు. ఆ పేరుతోనే పచ్చి చేపను నిమ్మరసంలో నానబెట్టే పద్ధతులు కూడా ప్రచారంలో ఉన్నాయి. నిమ్మరసం కండ రంగును మార్చి ఉడికినట్లు కనిపించేలా చేస్తుంది గాని, క్రిములనూ పరాన్నజీవులనూ నమ్మకంగా చంపదు. మన చెరువు, కాలువ చేపలతో ఆ ప్రయోగం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

ఉడికిన రొయ్య సున్నాలో సగంలా వంగుతుంది, పూర్తిగా చుట్టుకుందంటే సమయం దాటిందని అర్థం. గడియారం కన్నా ఈ గుర్తు నమ్మదగినది. ఇంట్లో ఎవరికైనా రొయ్యలు, పీతలు తింటే దద్దుర్లు వచ్చే లక్షణం ఉంటే వండే నూనె, గరిటె కూడా వేరుగా ఉంచవలసి ఉంటుంది కనుక, అలాంటప్పుడు ఈ భాగమంతా వదిలేసి చేపల వైపు వెళ్ళడం మంచిది.

బొచ్చె, శీలావతి: తక్కువ ఖర్చుతో నేర్చుకోవడానికి

చెరువు చేప చౌక, చాలా ఊళ్ళలో తాజాగా దొరుకుతుంది. పద్ధతి నేర్చుకునే దశలో ఇది గొప్ప సౌకర్యం. దీని రెండు లోపాలూ తెలిసినవే: ముళ్ళు, అప్పుడప్పుడు మట్టి వాసన. చెరువు నీటిలోని నాచు, సూక్ష్మజీవుల నుంచి పుట్టే ఒక పదార్థం చేప కండలో చేరడం వల్ల ఆ వాసన వస్తుంది, పులుపు దాన్ని తగ్గిస్తుంది. మన పులుసులో చింతపండు చేసే పని ఇదే. అందువల్ల చెరువు చేపకు కొత్త వంటకం వెతికేటప్పుడు పులుపు ఉన్నదే వెతకాలి. కొబ్బరిపాలలో, ఉట్టి ఆవిరిలో బొచ్చె రాణించదు.

ఆ పరీక్షలో నెగ్గేది బెంగాలీల దోయ్ మాఛ్. శీలావతి ముక్కలను పసుపు, ఉప్పు పట్టించి నూనెలో ఎర్రగా వేయించి, గిలకొట్టిన పెరుగు, అల్లం, ఉల్లి ముద్ద, లవంగం, ఏలకులతో చేసిన గుజ్జులో అయిదారు నిమిషాలు ఉంచుతారు. పెరుగు విరగకుండా ఉండాలంటే పొయ్యి తగ్గించి, గది వేడికి వచ్చిన పెరుగును కొద్దికొద్దిగా కలపాలి. మజ్జిగ పులుసు అలవాటున్న నోటికి ఈ పులుపు దూరం కాదు. ముక్కలను ముందే వేయించడం వల్ల అవి చెదరవు. గరిటె పెట్టకుండా, గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పడమనే మన పులుసు పద్ధతి ఇక్కడ కూడా పాటించాలి. ఖర్చు, పని, రుచి మూడూ కలిపి చూస్తే వారంవారం చేసుకోదగిన కొత్త వంటకం ఇదే. పిల్లలకు పెట్టేటప్పుడు పొట్ట వైపు ముక్కలు ఎంచాలి, అక్కడి ముళ్ళు పెద్దవి, తేలికగా కనబడతాయి.

కొర్రమీను గురించి ఒక మాట. ముళ్ళు తక్కువ, కండ గట్టి, బతికి ఉండగానే అమ్ముతారు కనుక తాజాదనానికి లోటు లేదు. పైనున్న జిగురు పోయేలా బూడిదతోనో గళ్ళుప్పుతోనో తోమడం తెలిసినవారికి, పండుగప్ప దొరకని రోజున పాతూరికి ఇది చక్కని బదులు.

కానాగంతలు: రుచి బలమైనది, జాగ్రత్త ఎక్కువ

కానాగంత నూనె చేప, దాని రుచి ఘాటైన మసాలాను తట్టుకుని నిలబడుతుంది. గోవాలో దీనికి చేసే రెచాడో వేపుడు మన వారాంతానికి చాలా అనుకూలం. ఎండుమిర్చి, వెల్లుల్లి, అల్లం, జీలకర్ర, మిరియాలు, దాల్చినచెక్క, లవంగం, కొంచెం చింతపండు, పంచదారలను నీరు లేకుండా వెనిగర్‌తో నూరి, వెన్ను వైపు చీల్చిన చేపలో కూరి పెనం మీద వేయిస్తారు. అక్కడ రంగు ఎక్కువ, ఘాటు తక్కువ ఉన్న మిరపకాయ వాడతారు. గుంటూరు మిరపకాయతో అదే లెక్కన చేస్తే తినలేరు, కాబట్టి బ్యాడిగి మిరపకాయ తెచ్చుకోవాలి, లేదా సంఖ్య బాగా తగ్గించాలి. ఈ ముద్ద ముందురోజు నూరితే ఇంకా బాగుంటుంది, అందులో చేప కలవదు కనుక శనివారం పాటించే ఇంట్లోనూ చిక్కు లేదు.

ఇక జాగ్రత్త విషయం. కానాగంతలు, కవళ్ళు, సూర వంటి చేపలను పట్టిన తరువాత మంచులో ఉంచకపోతే వాటి కండలో హిస్టమిన్ పెరుగుతుంది. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు, వాంతులు రావచ్చు. ఎంత ఉడికించినా, ఎంత వేయించినా హిస్టమిన్ పోదు. ఎండలో తట్టలో పెట్టి అమ్ముతున్న కానాగంతలు ఎంత చౌకగా వచ్చినా తీసుకోకూడదు. మంచు మధ్య ఉన్నవి తీసుకుని, మంచుతోనే ఇంటికి తేవాలి. సముద్రానికి దూరంగా, మండపేట, తణుకు వైపు ఉన్నవారికి ఈ నమ్మకం కుదరని రోజున ఇదే రెచాడో ముద్దను చెరువు తిలాపియాకు పట్టించడం క్షేమం.

మడ పీత: ఇద్దరు వండేవారు ఉంటేనే

భైరవపాలెం, కోరంగి వైపు మడ అడవుల పీతకు మాంసం తియ్యదనం ఎక్కువ. సింగపూర్ మిరప పీతకు కావలసినవి టమాటా గుజ్జు, ఎండుమిర్చి ముద్ద, వెల్లుల్లి, అల్లం, కొంచెం పంచదార, చివర్లో చిక్కదనం కోసం గిలకొట్టి పోసే గుడ్డు. ఇవన్నీ ఇంట్లో ఉండేవే. అయితే పీత బతికున్నదే కొనాలి, చచ్చిన పీత మాంసం చాలా వేగంగా పాడవుతుంది. డెక్కలకు కట్టిన తాడు విప్పకుండా అరగంటకు పైగా మంచులో పూడ్చి ఉంచితే అది మొద్దుబారుతుంది, ఆ తరువాత కోయడం పీతకూ బాధ తగ్గిస్తుంది, చేతికీ అపాయం తగ్గిస్తుంది. కిలో పీతలో తినదగిన మాంసం నాలుగో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. శుభ్రం చేయడానికి, పగలగొట్టడానికి, తినడానికి, చివరికి గిన్నెలు తోమడానికి పట్టే సమయం కలిపితే ఆదివారం సగం గడిచిపోతుంది. ఈ పని అంతా ఇంట్లో ఒక్క మనిషి నెత్తిన పడేటట్లయితే పీతను ఎంచుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. ఇద్దరు చేతులు కలిపే ఇంట్లో మాత్రం పీత వండుకునే ఆదివారం చాలా సరదాగా సాగుతుంది.

పులసతో ప్రయోగం చేయవచ్చా

వరద నీరు సముద్రంలో కలిసే రోజుల్లో, జూలై నుంచి సెప్టెంబరు దాకా, సముద్రం నుంచి ఏరు ఎక్కి ధవళేశ్వరం ఆనకట్ట వరకు వచ్చే ఈ చేపకు మన పెద్దలు కుదిర్చిన వంట ఒకటి ఉంది: మట్టి దాకలో, సన్నని సెగ మీద, బెండకాయలు వేసి, ఆవకాయ నూనె కలిపి కాచిన పులుసు. ఆ పులుసులో పులుపు, కొవ్వు గంటల తరబడి కలిసి ఊరడం వల్లనే మరునాటికి రుచి పెరుగుతుంది. వేలు పోసి కొన్న చేపను కొత్తదనం కోసం దీని నుంచి తప్పించడం నాకు సమ్మతం కాదు. అయితే ఒక మధ్యేమార్గం ఉంది. పులుసుకు కోయించిన ముక్కల్లో రెండింటిని పక్కన పెట్టి, పైన చెప్పిన ఆవ ముద్దా ఆవనూనే పట్టించి, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను మరిగే నీళ్ళ గిన్నెలో పావుగంట ఉంచితే బెంగాలీల భాపా ఇలిష్ తయారవుతుంది. ఇదే చేపను మనకన్నా ఎక్కువగా తినే ప్రాంతం కుదుర్చుకున్న పద్ధతి కనుక, ఇందులో చేప వృథా అవుతుందన్న భయం లేదు. పులుసు, ఆవిరి ముక్క ఒకే పళ్ళెంలో పెట్టుకుని తింటే ఒకే చేపకున్న రెండు రుచులు తెలుస్తాయి. వరదకు ముందు సముద్రంలోనే పట్టిన ఇదే చేపను విలస అంటారు, అది దొరికితే ప్రయోగానికి దాన్నే వాడుకోవడం ఇంకా మంచిది. ధర తక్కువ, వంట తీరు ఒకటే. గోదావరి ముఖాన ఏడాదిలో కొద్ది రోజులే వచ్చే అతి చిన్న చేప చీరమీనును మాత్రం తెలిసిన పద్ధతిలోనే వండుకోవాలి.

రెండింటి మధ్య తేల్చుకోలేనప్పుడు

ఒక పూటలో రెండు కొత్తలు పెట్టుకోకూడదు. చేప కొత్తదైతే వంట పాతదై ఉండాలి, వంట కొత్తదైతే చేతికి అలవాటైన చేప అయి ఉండాలి. కొర్రమీను ఎప్పుడూ తోమని వారు అదే రోజు మొదటిసారి పాతూరి కట్టబోతే ఫలితం ఎందుకు తేడాగా వచ్చిందో తెలుసుకునే దారి ఉండదు. అలాగే మొదటిసారి అర కిలోకు మించి కొత్త పద్ధతిలో వండనక్కరలేదు. కిలో పండుగప్ప కొంటే తల, తోక, నడిముల్లు ముక్కలతో మామూలు పులుసు పెట్టి, మధ్య కండతో కొత్తది చేస్తే, ఇంట్లో కొత్త రుచి నచ్చనివారు ఆకలితో లేవరు. చేప కోసేవారికి ముందే ఈ విభజన చెబితే వారే చక్కగా ముల్లు తీసి ఇస్తారు.

సోమవారం క్యారేజీకి మిగలాలన్న ఆలోచన ఉంటే అది కూడా ఎంపికలో భాగమే. పులుసు, దోయ్ మాఛ్, రెచాడో వేపుడు మరునాటికి నిలుస్తాయి. మొయిలీని సన్నని సెగ మీద మాత్రమే వేడి చేయాలి. ఆవిరి చేపనూ రొయ్యనూ తిరిగి వేడి చేస్తే గట్టిపడతాయి కనుక అవి ఆ పూటకే సరిపోయేంత వండాలి. మిగిలినది ఏదైనా రెండు గంటలకు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. మన ఉక్కపోతలో, ముఖ్యంగా మే నెలలో, ఒక గంటకే పెట్టడం క్షేమం. వండని ముక్కలు మిగిలితే ఫ్రిజ్ అడుగు అరలో మూత పెట్టి ఉంచి మరునాటికల్లా వాడేయాలి. రొయ్యల తలలు, పెంకులు పారేయకుండా కొంచెం నూనెలో ఎర్రగా వేయించి, నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు మరిగించి వడకడితే వచ్చే రసంతో ఆదివారం రాత్రికి టమాటా చారు పెట్టుకోవచ్చు.